పేర్ల మీదుగా కరెంటు

మా సంస్థ సమావేశ మందిరంలో ఉన్న ఫ్యాన్లలో ఒక్కటీ తిరగదు. చెడిపోయాయనుకునేరు, నిక్షేపంలా ఉన్నాయి. ప్రతి రెక్క మీదా ఎర్ర రంగుతో ఒక పూర్వపు డైరెక్టరు గారి పేరు, హోదా, పదవీకాలం రాయించి ఉన్నాయి. ఫ్యాను తిరిగితే ఆ పేరు చదవడానికి వీలుపడదు. అంచేత సమావేశాలు జరిగేటప్పుడు ఫ్యాన్లు వేయరాదని నేనే నోటు పెట్టి ఆమోదం పొందాను. ఎండాకాలంలో సభ్యులు ఫైలు అట్టలతో విసురుకుంటారు. ట్యూబులైట్ల మీద దాతల పేర్లున్నాయి. అక్షరాలు కాస్త లావుగా పడటం వల్ల వెలుతురు 'శ్రీ'కీ ఇంటిపేరుకీ మధ్య సందులోంచి మాత్రమే కిందికి వస్తుంది. ఆ సందు కిందనే స్టెనోను కూర్చోబెడతాం.

నా పేరు భుజంగరావు. సూర్యశక్తి పరిశోధనా సంస్థలో ప్రోటోకాల్ అధికారిని. శిలాఫలకం మీద ఎవరి పేరు ఎవరి పేరుకు పైన ఉండాలి, ఎవరికి 'గౌరవనీయులు' వేయాలి, ఎవరికి 'శ్రీ'తో సరిపెట్టాలి అన్నది నా పని. నవ్వేవాళ్ళు నవ్వుతారు. పేర్ల వరస తప్పినందుకు ఎన్ని వంతెనలు ప్రారంభం కాకుండా ఉండిపోయాయో, ఎంతమంది ఏటికి అడ్డంపడి నడిచి వెళ్ళారో వాళ్ళకు తెలియదు.

మా సంస్థలో పరిశోధన కూడా జరుగుతుంది. డాక్టర్ కుముదిని అని ఒక శాస్త్రవేత్త, కాంట్రాక్టు మీద ఉంది. పొట్టి మనిషి, గట్టి గొంతు. సౌరఫలకాల మీద వెండి గీతలు ఎలా గీయాలో తేల్చడం ఆమె పని. సౌరఫలకం మీరు చూసే ఉంటారు. నల్లటి బిళ్ళల మీద సన్నని తెల్లగీతలు ఉంటాయి. వాటిని ఎలక్ట్రోడులంటారు. అవేమిటని ఒకసారి అడిగితే నా బల్ల మీదే వేలితో గీసి చెప్పింది.

"పొలంలో కాలవల్లాంటివి, భుజంగరావు గారూ. ఎండ పడితే బిళ్ళలో కరెంటు పుడుతుంది. దాన్ని పోగుచేసి బయటికి తెచ్చేది ఈ గీతలే. కాలవలు వెడల్పు చేసుకుంటూ పోతే పొలమంతా కాలవలకే పోతుంది కదా, అలాగే గీత కింద నీడ ఉంటుంది కాబట్టి అక్కడ కరెంటు పుట్టదు. పోనీ అని మరీ సన్నం చేస్తే కరెంటు నడవలేక దారిలోనే సగం పోతుంది. ఎంత సన్నం చేసి ఎక్కడ ఆగాలో తెలుసుకోవడమే నా ఉద్యోగం."

మొదట్లో ఆమె గీతలన్నిటినీ బిళ్ళ వెనకవైపుకి మార్చేద్దామంది. ముందువైపు నీడే ఉండదు కనక కరెంటు బాగా పెరుగుతుందని లెక్కలు కూడా చూపించింది. సాంకేతిక సంఘం టీలు వచ్చేలోపే దాన్ని తిరస్కరించింది. "చేసిన పని వెనకాల ఉంటే చేసినట్టు ఎవరికి తెలుస్తుందమ్మా?" అన్నారు జాయింట్ డైరెక్టర్ భానోజీరావు గారు. ఆ వాక్యం నేనే మినిట్స్‌లో రాశాను. తర్వాత ఆమె ముందువైపే ఉంచి, వెంట్రుకంత సన్నటి గీతలతో ఇంకో నమూనా తయారుచేసింది.

ఆమె తాపత్రయమంతా చిలకమ్మ గురించి. చిలకమ్మ కొండ మీద గుమ్మిలోవ ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు. ఆ ఊరికి కరెంటు తీగ లేదు. ఉపకేంద్రం డాబా చిన్నది, ఆరు పలకలకు మించి పట్టవు. ఉన్న పాత పలకలు చేసే కరెంటు టీకాల ఫ్రిజ్‌కు చాలక, మధ్యాహ్నం దాటితే అది మూలిగి ఆగిపోతుంది. అందుకని టీకాలు వేసే రోజున చిలకమ్మ కింద నుంచి ఐసుపెట్టె భుజాన వేసుకుని కొండెక్కుతుంది. ఒకసారి ఆ పెట్టెతోనే మా ఆఫీసుకు వచ్చింది.

"పైకెళ్ళేసరికి ఐసంతా నీళ్ళయిపోతందండి. నీళ్ళయిపోతే మందు పారబోసీడమే. పిల్లల్ని ఎత్తుకుని తల్లులు పొద్దుట్నించి కూకుంటారు. ఆళ్ళకేటి సెప్పమంటారు?" అని అడిగింది.

కుముదిని ఆమె చెయ్యి పట్టుకుని, "వానలు పడేలోపు మీ ఫ్రిజ్ ఆగకుండా నడుస్తుంది చిలకమ్మా. నాదీ పూచీ," అంది. కాంట్రాక్టు ఉద్యోగి పూచీ ఇవ్వవచ్చునా అని నేను నిబంధనలు తిరగేశాను. ఎక్కడా లేదు.

సన్నగీతల నమూనా ఫ్రిజ్‌కు సరిపోతుందని ప్రయోగశాలలో తేలింది. సరిపోతుందంటే బొటాబొటీగా. సరిగ్గా అప్పుడే పైనుంచి ఉత్తర్వు దిగింది.

"ప్రజాధనముతో రూపొందిన ప్రతి వస్తువు మీదను, దాని రూపకల్పనకు కారకులైన పాలకమండలి వారి, అధికారుల, రెగ్యులర్ సిబ్బంది యొక్క నామధేయములు, చెరగని రీతిలో, చూపరులకు కనిపించునట్లుగా, ఆ వస్తువు మీదనే లిఖింపబడవలెను."

చదువుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. నా జీవితకాలపు కృషిని గుర్తించిన మనిషి ఎక్కడో పైన ఒకరున్నారు.

డైరెక్టర్ డాక్టర్ పి.వి.ఎస్.ఎస్.ఎన్. మార్కండేయులు గారు అత్యవసర సమావేశం వేశారు. "ఇది ఉత్తర్వు కాదు, దార్శనికత," అన్నారు అట్టతో విసురుకుంటూ. "మన పలకల మీద పేర్లు ఎక్కడ వేయాలన్నదే ఇప్పుడు మన ముందున్న శాస్త్రీయ సమస్య."

స్టిక్కరు అంటిద్దామని ఒకరన్నారు. వానకు చెరుగుతుంది కనక నేను ఒప్పుకోలేదు. చుట్టూ ఉన్న అల్యూమినియం చట్రం మీద చెక్కిద్దామని ఇంకొకరన్నారు. చట్రం బజారులో కొన్నది, మనం రూపొందించిన వస్తువు కాదు, అదీ కుదరదన్నాను. అప్పుడు భానోజీరావు గారు నెమ్మదిగా కళ్ళజోడు తీశారు. ఆయన కళ్ళజోడు తీస్తే ఆలోచన వచ్చిందని గుర్తు.

"ఎలాగూ వెండి గీతలు గీస్తున్నారు కదండీ. ఆ గీతలేవో అక్షరాలుగా గీసేస్తే ఒకే ఖర్చులో రెండు పనులూ అయిపోతాయి."

సభలో అందరూ ఒక్కసారి నిటారుగా కూర్చున్నారు. కుముదిని మాత్రం లేచి నిలబడింది.

"సార్, తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలు. కరెంటు తిన్నగా పోవాలి. 'ఠ'లోకి వెళ్ళిన కరెంటు చుట్టూ తిరుగుతూ ఉండిపోతుంది."

"తిరగనివ్వండి," అన్నారు డైరెక్టర్ గారు. "ఫైళ్ళు తిరగడం లేదా?"

నాకో సందేహం వచ్చింది. "ఒక పేరులోంచి ఇంకో పేరులోకి కరెంటు వెళ్తుందా అమ్మా?" అని అడిగాను.

"వెళ్ళాలండీ. అన్నీ ఒకదానికొకటి కలిసి ఉంటేనే చివరికి బ్యాటరీకి చేరుతుంది."

"అయితే జూనియర్ అసిస్టెంటు పేరు కింద పుట్టిన కరెంటు నేరుగా బ్యాటరీకి పోవడానికి వీల్లేదు," అన్నాను. "సూపరింటెండెంటు గారి పేరు మీదుగా, జాయింట్ డైరెక్టర్ గారి పేరు మీదుగా వెళ్ళి, డైరెక్టర్ గారి పేరు దాటాకనే బయటికి రావాలి. అదీ సరైన మార్గం."

చప్పట్లు కొట్టారు. నా సర్వీసులో నాకు చప్పట్లు కొట్టడం అదే మొదలు. డైరెక్టర్ గారు "కరెంటుకు కూడా క్రమశిక్షణ నేర్పిన మొదటి సంస్థ మనదే," అన్నారు. కుముదిని కూర్చుంది.

ఆ తర్వాత పని చకచకా సాగింది. పాలకమండలి చైర్మన్ గారి పేరు అన్నిటికంటే పైన, రెండు పక్కలా రెండు నెమళ్ళతో. దాని కింద డైరెక్టర్ గారి పేరు, వేలెడు మందాన. పొడి అక్షరాలతో ఊరుకుంటే ఆయన తండ్రిగారిని అవమానించినట్టవుతుందని పి.వి.ఎస్.ఎస్.ఎన్. మొత్తాన్నీ విడదీసి రాశాం. పక్కన డిగ్రీలు. విదేశంలో చేసిన మూడు వారాల శిక్షణ కూడా. ప్రతి పేరుకూ 'గారు' తగిలించాం, తగిలించని వారికి కోపం వస్తుంది కాబట్టి. ఉద్యోగుల సంఘం వారు వచ్చి, డ్రైవర్లు ఏం పాపం చేశారని నిలదీశారు. డ్రైవర్లను చేర్చాం. రిటైరైనవారు ఊరేగింపుగా వచ్చారు. వారినీ చేర్చాం.

ఇంతలో భానోజీరావు గారు మోకాలి నొప్పికని సెలవు పెట్టారు. సెలవులో ఉన్న అధికారి పేరు మీదుగా కరెంటు పోవచ్చునా అన్న సమస్య వచ్చిపడింది. పోకూడదని తేల్చి ఆయన పేరు దగ్గర తెగ్గొట్టి, పక్కనుంచి ఇన్‌ఛార్జి అధికారి పేరుతో చిన్న తోవ వేయించాం. మోకాలు నయమయ్యాక మళ్ళీ అతికించాం.

చివరికి పలక తయారైంది. పేర్ల మధ్య నలుపన్నది ఎక్కడా లేదు. అంతా వెండే. డైరెక్టర్ గారు దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, అందులో చూసుకుంటూ క్రాఫు సవరించుకున్నారు.

పరీక్షకు ప్రయోగశాల డాబా మీద పెట్టారు. మండే ఎండ. దానికి తగిలించిన ఫ్రిజ్ ఒకసారి దగ్గి ఊరుకుంది.

"ఎండ చాలదేమో," అన్నారు భానోజీరావు గారు చెమట తుడుచుకుంటూ.

"ఎండ లోపలికి పోవడానికి సందు లేదు సార్," అంది కుముదిని. ఆమె గొంతు మొదటిసారి తగ్గింది. "పేర్లు లేకుండా అయితే ఫ్రిజ్ తెల్లవార్లూ నడుస్తుంది. డైరెక్టర్ గారి పేరు ఒక్కటి రాస్తే దీపాలు పెట్టే వేళకి ఆగుతుంది. డిగ్రీలతో రాస్తే బడి వదిలే వేళకి. నెమళ్ళు కూడా కలిస్తే అసలు మొదలే కాదు."

"అంటే నెమళ్ళు తీసేయమంటారా?" అన్నారు డైరెక్టర్ గారు. "ఎవరు తీయమంటున్నారు? రాతపూర్వకంగా ఇవ్వండి."

ఎవరూ ఇవ్వలేదు. ప్రత్యామ్నాయంగా, టీకాలకు నిజంగా అంత చల్లదనం అవసరమా అన్న విషయం పరిశీలించడానికి ఒక ఉపసంఘం వేశారు. భానోజీరావు గారు అధ్యక్షులు. "మా చిన్నతనంలో మాకెవరు ఫ్రిజ్‌లో పెట్టి తీసి వేశారండీ? మేం పెరగలేదా?" అని ఆయన అప్పటికప్పుడే మధ్యంతర నివేదిక ఇచ్చేశారు.

సాయంత్రం కుముదిని వరండాలో నిలబడి ఆ పలకను చున్నీ అంచుతో తుడుస్తోంది. దాని మీద దుమ్మేమీ లేదు.

"చిలకమ్మకు ఏం చెప్పను భుజంగరావు గారూ?" అంది.

"ఉత్తర్వు చూపించండమ్మా," అన్నాను.

ఆమె నావైపు ఒక చూపు చూసింది. కోపమైతే నాకు అలవాటే, అది కోపం కాదు.

ప్రారంభోత్సవానికి ముందు చైర్మన్ గారు స్వయంగా పరిశీలనకు వస్తానన్నారు. ఆ పలకల్నే గుమ్మిలోవ ఉపకేంద్రం డాబా మీద బిగించి, జీపుల్లో కొండెక్కాం. డాబా ముందు చిన్న వరండా, దానికి పగిలిన సిమెంటు రేకు. దాని కింద పిల్లల్ని ఒళ్ళో వేసుకుని తల్లులు కూర్చుని ఉన్నారు. ఆరోజు టీకాల రోజట. చిలకమ్మ ఐసుపెట్టె మూత తెరిచి, చూసి, మూసేసింది.

చైర్మన్ గారు జీపు దిగగానే, "ఏదయ్యా నా పేరు?" అన్నారు.

"పైన సార్," అన్నారు డైరెక్టర్ గారు.

చైర్మన్ గారు తలెత్తారు. కనపడలేదు. నాలుగడుగులు వెనక్కి వేశారు. కనపడలేదు. అలా వెనక్కి వెనక్కి వెళ్ళి ముళ్ళకంచెకు ఆనుకున్నారు. "మెరుపు తప్ప నాకేం కనబడ్డం లేదే!" అన్నారు పంచె విడిపించుకుంటూ. నిచ్చెన వేశాం. ఎక్కారు. పైమెట్టు మీద నిలబడి తొంగి చూసేసరికి ఎండ ఆ వెండి మీద పడి తిన్నగా ఆయన కళ్ళల్లో కొట్టింది. "చచ్చాన్రోయ్!" అన్న కేక వినబడింది. ఇద్దరు పట్టుకుని దింపారు.

చిలకమ్మ నీళ్ళు తెచ్చి ఆయన కళ్ళు కడుగుతూ, "అంత పైన రాస్తే ఎవులు సదువుతారు బాబూ? కాకులు సదవాల," అంది.

అందరం తలలెత్తాం. డాబా మీద నిజంగానే ఒక కాకి వచ్చి, డైరెక్టర్ గారి డిగ్రీల మీద అటూ ఇటూ నడుస్తోంది.

"భుజంగరావూ, ఉత్తర్వులో ఏముందయ్యా?" అన్నారు చైర్మన్ గారు కళ్ళు మూసుకునే.

"చూపరులకు కనిపించునట్లుగా అని ఉంది సార్."

"కాకి చూపరి కిందికి వస్తుందా?"

ఉత్తర్వు చివర ఉన్న నిర్వచనాలు తిరగేశాను. "రాదు సార్."

అయితే ఇన్నాళ్ళూ మేం చేసింది ఉత్తర్వుకు విరుద్ధం! డైరెక్టర్ గారి మొహం పాలిపోయింది. భానోజీరావు గారు కళ్ళజోడు తీశారు. "పలకల్ని బోర్లా తిప్పేద్దాం సార్. పేర్లు కిందికి చూస్తాయి. జనం పైకి చూస్తారు."

"మరి ఎండ?" అన్నాను, నాకు తెలియకుండానే.

"ఎండ విషయం ఉత్తర్వులో లేదు," అన్నారు డైరెక్టర్ గారు.

ఇప్పుడు కుముదిని అరుస్తుందనుకున్నాను. అరవలేదు. వరండా కిందికి వెళ్ళి, తల్లుల మధ్య నిలబడి, పగిలిన రేకు వైపు చూస్తోంది. ఆ తర్వాత చాలా వినయంగా చేతులు కట్టుకుని వచ్చింది. అంత వినయం ఆమెలో నేనెప్పుడూ చూడలేదు.

"జాయింట్ డైరెక్టర్ గారిది గొప్ప ఆలోచన సార్. చిన్న సవరణ. పలకలు డాబా మీద ఎందుకు, ఈ వరండాకే కప్పుగా వేద్దాం. పేర్లన్నీ కిందివైపు గీస్తాను. తల్లులు పొద్దున్నుంచీ ఇక్కడే కూర్చుంటారు. తలెత్తితే చాలు, మీ పేరే. పైవైపు ఎలాగూ కాకులు తప్ప ఎవరూ చూడరు, అక్కడ ఒక్క గీత కూడా వద్దు. కిందివైపు మటుకు ఎంత లావుగానైనా రాసుకోవచ్చు."

చైర్మన్ గారు ఒక కన్ను తెరిచారు. "ఎంత లావుగానైనా?"

"మీ ఇష్టం సార్. నెమళ్ళు పురి విప్పినట్టు కూడా వేయొచ్చు."

అక్కడికక్కడే ఆమోదించారు. వెండికి అదనపు నిధులు కూడా ఇస్తామన్నారు. గీతలన్నీ వెనకకు మార్చే ఈ నమూనానే సాంకేతిక సంఘం టీలు వచ్చేలోపు తిరస్కరించిందన్న సంగతి అక్కడ ఎవరికీ గుర్తు రాలేదు. నాకు గుర్తుంది. ఆ మినిట్స్ రాసింది నేనే. నిబంధనల ప్రకారమైతే ఆ మాట నేను సభకు మనవి చేయాలి. కుముదిని నావైపు చూసింది. నేను వంగి చెప్పు సర్దుకున్నాను.

పనిలో ఒక్క చిక్కు వచ్చింది. పేర్లను రెండు జట్లుగా చేయాలని, ఒక జట్టు ప్లస్సు, ఒక జట్టు మైనస్సు అవుతుందని, రెండూ పక్కపక్కనే ఉండాలి కాని ఒకదాన్నొకటి తాకితే షార్ట్ సర్క్యూట్ అవుతుందని ఆమె చెప్పింది. పరిపాలనా విభాగాన్ని ఒక జట్టుగా, పరిశోధనా విభాగాన్ని ఇంకో జట్టుగా పెట్టాం. పక్కపక్కనే ఉండి తాకకుండా మసలుకోవడం ఆ రెండు విభాగాలకూ మొదటినుంచీ అలవాటే కనక అందరికీ తేలిగ్గా అర్థమైంది. వెనక వెండి ఎంత పూసినా నీడతో పని లేదు కాబట్టి అక్షరాలు లావుగా వేశాం, దాంతో గుండ్రాల్లోకి వెళ్ళిన కరెంటు కూడా ఎలాగో బయటపడింది.

వానలు ఇంకా రాకముందే ప్రారంభోత్సవం జరిగింది. వరండా కొత్త కప్పు కింద కుర్చీలు వేశారు. ప్రముఖులందరూ మెడలు విరుచుకుని పైకి చూస్తూ ఎవరి పేరు వారు వెతుక్కుంటున్నారు. డైరెక్టర్ గారు మైకు ముందు నిలబడి, 'నామాధారిత ఎలక్ట్రోడు సాంకేతికత' గురించి మాట్లాడారు. "పలక శక్తి ఇంతగా పెరగడానికి కారణం ఏమిటి? ఈ పేర్లలో ఉన్న శక్తి!" అన్నారు. చైర్మన్ గారికి మెడ పట్టేస్తే చిలకమ్మ బామ్ రాసింది.

"నిన్న బిగించిన కాడ్నించి ఒక్కపాలైనా ఆగనేదండి," అని ఆమె కుముదినితో అంటోంది. లోపలికి తీసుకెళ్ళి ఫ్రిజ్ తలుపు తెరిచి చూపించింది. తెల్లటి చలి పొగ బయటికి వచ్చింది. లోపల మందు సీసాలు బుద్ధిగా నిలబడి ఉన్నాయి. చిలకమ్మ ఒక సీసా తీసి, సూదిలోకి ఎక్కించి, మొదటి పిల్లకు వేసింది. ఆ పిల్ల కొండ దద్దరిల్లేలా ఏడ్చింది. కుముదిని నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది.

"ఆ పిల్లను ఎవరైనా ఊరుకోబెట్టండి, ప్రసంగం వినబడటం లేదు," అన్నారు భానోజీరావు గారు.

నేను కప్పు కింద ఈ చివరి నుంచి ఆ చివరికి పేర్లన్నీ చదువుకుంటూ నడిచాను. వరస ఎక్కడా తప్పలేదు. డ్రైవర్లున్నారు. రిటైరైనవారున్నారు. ఇన్‌ఛార్జి గారి తోవ కూడా ఉంది. కుముదిని పేరు లేదు. ఉత్తర్వులో రెగ్యులర్ సిబ్బంది అనే ఉంది మరి. నేను చేసిన వరసలో లోపం లేదు. అయినా నాకు చెప్పలేనంత సిగ్గేసింది.

ఆమెను పక్కకు పిలిచి, "పైవైపంతా ఖాళీగా ఉందమ్మా," అన్నాను గొంతు తగ్గించి. "అక్కడ మీ పేరు రాయిస్తాను. ఎవరూ చూడరు కూడా. అభ్యంతరం రాదు. పెద్ద అక్షరాలతో రాయిస్తాను."

"వద్దండీ," అంది. "రాస్తే నీడ పడుతుంది. ఆ నల్లటిది అలాగే ఉండనివ్వండి." లోపల మళ్ళీ ఇంకో పిల్ల ఏడుపు మొదలెట్టింది. ఆమె చూడటానికి పరుగెత్తింది.

మరుసటి వారం సమీక్షా సమావేశం. నేను అందరికంటే ముందు వెళ్ళాను. మందిరం ఉడికిపోతోంది. కాసేపు ఫ్యాన్ల కింద నిలబడి ఎర్రటి పేర్లు చదివాను. ఆ తర్వాత స్విచ్చి వేశాను. ముందు దుమ్ము రాలింది. ఫ్యాను కిర్రుమంది, కదిలింది, తిరిగింది. పూర్వపు డైరెక్టరు గారి పేరు ఎర్రటి గీతయి, గీత చక్రమయి, ఆ తర్వాత కనబడలేదు. గాలి వచ్చింది.

సభ్యులు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. ఎవరూ అట్టలు తీయలేదు. టీకాల చల్లదనం మీద ఉపసంఘం తయారుచేసిన నివేదిక కాగితాలు ఎగిరి గది మూలలకు పోయాయి. ఏరడానికి ఎవరూ లేవలేదు. డైరెక్టర్ గారు పైగుండీ విప్పుకుని, కళ్ళు మూసుకుని, హాయిగా వెనక్కి వాలారు. కాసేపటికి ఏదో గుర్తొచ్చి కళ్ళు తెరిచి పైకి చూశారు.

"ఫ్యాను ఎవరు వేశారు?" అన్నారు.

"ఎవరో సార్," అన్నాను.